నల్లరాళ్ల లంక

మూడో తొట్టి అడుగున పట్టిన పాచి ఒక పట్టాన వదలడం లేదు. దేవదానం మోకాళ్ల మీద కూర్చుని, ఒడ్డుకు కొట్టుకొచ్చిన వలముక్కను ఉండచుట్టి రుద్దుతున్నాడు. ఆకుపచ్చటి నీళ్లు మోచేతుల దాకా చింది, ఎండకు నల్లబడి పొలుసులు లేచిన చర్మం మీద చారలుగా జారుతున్నాయి. అతని కుడిచేతి చూపుడువేలు సగమే ఉంటుంది. అబుదాబి పక్కన ముసఫ్ఫాలో, ఒక గ్యారేజీలో పనిచేసిన మొదటి ఏడాది ఫ్యానుబెల్టు మిగతా సగం తినేసింది. ఆ మొండివేలు తొట్టి మూలల్లోకి బాగా దూరుతుంది. పందొమ్మిదేళ్లుగా మూలలన్నీ దానితోనే తోముతున్నాడు.

పది బారల దూరంలో జింకలు నిలబడి ఉన్నాయి. ఇసుకరంగు ఒళ్లు, తెల్లటి మొహాలు. రెండు తల్లుల పక్కన వారం కిందట పుట్టిన కూనలు కాళ్లు ఎడంగా పెట్టి వణుకుతున్నాయి. దేవదానం వాటివంక చూడలేదు. చూస్తే వెనక్కి పోతాయి. కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడు మొదలవగానే లేచి, వాటికి వీపు పెట్టి నడిచాడు. వెనక గిట్టలు ఇసుకలో మెత్తగా కదిలాయి.

మ్యాపులో ఆ దీవికి ఒక అరబ్బీ పేరుంది. అతను దాన్ని ఏనాడూ సరిగా పలకలేదు. ముసఫ్ఫా నుంచి బోటులో ఆరుగంటలు, చుట్టూ నీళ్లు తప్ప ఏమీ కనపడని చోట, బోర్లించిన మూకుడులా ఉంటుంది. నడుమ కొండ. ఆ కొండలో మామూలు రాయి లేదు. నిప్పులో కాలినట్టు నల్లటి గుండ్లు, ఎండిన నెత్తురు రంగు మట్టి, అక్కడక్కడ గంధకం పసుపు, గాజుపెంకుల్లా మెరిసే తెల్లటి పలకలు. అంచున సన్నటి ఇసుకపట్టీ. తాగే నీటిచుక్క లేదు, సముద్రపు నీళ్లనే మిషను పెట్టి మంచినీళ్లు చేసుకోవాలి. మొదటిసారి దిగినప్పుడు దేవదానానికి నలభై ఒకటి. గోదావరి లంకలో పుట్టినవాడు గనక, చుట్టూ నీళ్లుంటే దాన్ని లంకే అన్నాడు. అప్పటినుంచి అంతే.

షెడ్డు దగ్గర నబీ రసూల్ టీ కాచాడు. రాయచోటి మనిషి. జనరేటరు, వంట రెండూ అతనివే. దీవి మీద ఉండేది వాళ్లిద్దరే.

"ఏమన్నా, ఈ పొద్దు గూడా తొట్లు కడగల్నా? మధ్యాన్నం బోటెక్కి పోయేటోనివి."

"ఆటికేం తెలుద్ది, నాకియ్యాల ఆఖరని."

నబీ రసూల్ గ్లాసు అందించాడు. అరవై నిండాయి, వీసా ఇక పొడిగించబోమని ఆఫీసు వాళ్లు నెల కిందటే చెప్పారు. దేవదానం సరేనన్నాడు. ఆ మాట విన్నప్పుడు ఏదో అనిపించాలని కాసేపు ఎదురుచూశాడు గానీ ఏమీ అనిపించలేదు. చాలాసేపు మఠం వేసుకుని కూర్చుంటే కాలు ఎక్కడుందో తెలియనట్టు, అంతే.

ఎనిమిదిన్నరకి బోటు వచ్చింది. బియ్యం, డీజిల్, జింకల మేతతోపాటు ఒక అమ్మాయి దిగింది. పాతికేళ్లుంటాయి. జంతువుల మీద పరిశోధన చేసే అమ్మాయనీ, నాలుగు రోజులుంటుందనీ ఆఫీసు ముందే చెప్పింది. ఆమె వెనక రెండు గట్టి నల్లపెట్టెలు దించారు. బోటు తిరిగి మూడింటికి వెళ్తుంది.

"మీరు తెలుగా అంకుల్?" అందా అమ్మాయి నబీ రసూల్ కేక విని. మొహం విప్పారింది. "నా పేరు అలేఖ్య. మాది హన్మకొండ. అంటే అమ్మానాన్నది. నేను ఇక్కడే అబుదాబిల పుట్టిన. తెలుగు ఇంట్ల మాట్లాడుతం, చదవరాదు."

"ఆయ్. మాది కోనసీమండి," అన్నాడు దేవదానం.

"కెమెరాలు పెట్టాలె. ఆరు. ఒకటి నీళ్ల తొట్టికి, నీళ్లు తగ్గితే శాటిలైట్ తోటి ఆఫీసుకు మెసేజ్ పోతది. మీరు ప్లేసులు చూపిస్తరా?"

నబీ రసూల్ పొయ్యి దగ్గర గిన్నె గట్టిగా దించాడు. దేవదానం ఒక పెట్టె భుజానికెత్తుకున్నాడు.

"రండమ్మా. ఎండెక్కకముందే కొండవతలకి ఎల్లాల."

కొండపక్క దారిలో అలేఖ్య మాటిమాటికీ ఆగి రాళ్లు ఏరింది. ఒక నల్లరాయిని చేతిలో తిప్పుతూ, "ఇది లావా అంకుల్. అగ్నిపర్వతంలకెళ్లి వచ్చింది. యాభై కోట్ల ఏండ్ల కిందటిది," అంది.

"ఈ కొండ అగ్గి కక్కిందాండి?"

"ఈ కొండ కాదు. ఆ లావా ఎప్పుడో కిందికి పోయింది, భూమిలోపల మైళ్ల లోతుకు. దాని కింద ఉప్పు ఉండె. ఉప్పు తేలిక కదా, మెల్లమెల్లగ పైకి లేచుకుంట ఈ రాళ్లన్నిటిని మోసుకొచ్చింది."

దేవదానం నిలబడిపోయాడు. పందొమ్మిదేళ్లు ఆ కొండ ఎక్కాడు, దిగాడు. ఎవరూ ఆ మాట చెప్పలేదు.

"ఉప్పు కొండని లేపుద్దా?"

"లేపుతది. ఇంకా లేపుతనే ఉంది. ఏడాదికి ఇంత," అని వేళ్ల మధ్య వెంట్రుకంత సందు చూపించింది.

"మాకాడ నీళ్లు కోసేత్తాయండి," అన్నాడు దేవదానం నడుస్తూ. "మా లంక అంతా ఒండ్రుమట్టే. మా తాత హయాంలో చర్చికి ఏటికి మజ్జిన రెండు పుంతదార్లు, కొబ్బరితోటలు ఉండేయంట. నా చిన్నప్పటికి తోటలు పోయాయి. తర్వాత చర్చి. మొన్న రెండువేల ఇరవైరెండు వరదలకి మా ఇల్లు."

"అయ్యో. మరి మీ ఇల్లు ఇప్పుడు?"

"గోదాట్లో ఉందమ్మా."

అతను అది ఊరి పేరు చెప్పినట్టే చెప్పాడు. అలేఖ్య చేతిలోని రాయిని సంచిలో వేసుకుంది. ఆ జులైలో తమ్ముడు ఫోనుకి వీడియో పంపించాడు. పడమటి గోడ ముందు వంగి, కాసేపు ఆగి, మెట్లతో సహా నీళ్లలోకి జారిపోయింది. ఎవరో ఆడమనిషి అరుపు. దేవదానం ఆ వీడియో ఒకసారి చూశాడు. తరవాత కొండ దిగి తొట్లు నింపాడు.

కొండ దాటగానే వాసన కొట్టింది. దిగువ మైదానమంతా నల్లగా కదులుతోంది. వేలకొద్దీ నీటికాకులు, మెడలు సాచి, ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నట్టు అరుస్తున్నాయి. ఆలస్యంగా పుట్టిన పిల్లలు మట్టిగుంటల్లో గోధుమరంగు నూగుతో నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. అలేఖ్య కెమెరా కడ్డీ పట్టుకుని ముందుకు అడుగేయబోయింది.

"ఆగండమ్మా!" దేవదానం మొదటిసారి గొంతు పెంచాడు. "ఈ ఎర్రమట్టి గీత దాటకూడదు. దాటితే అన్నీ ఒక్కపాలి లేత్తాయి. అయి లేచినప్పుడు పైన ఎగురుతున్న ఆ బూడిదకాకులు పిల్లల్ని ఎత్తుకుపోతాయి. ఇక్కడే పాతండి. గాలి అటునుంచి ఒత్తది, ఇసక అద్దం మీద పడకుండా కొంచెం తూర్పుకి తిప్పండి."

ఆమె తిప్పింది. అతను రాళ్లు తెచ్చి కడ్డీ చుట్టూ పేర్చి, మొండివేలితో సందుల్లో చిన్నరాళ్లు కుక్కాడు.

"సంతలో ఈ ఒక్కటి చాలండి. రెండోది మునసబు గుండుకాడ పెడదాం."

"సంత?"

దేవదానం కొంచెం సిగ్గుపడ్డాడు. "నేను పెట్టుకున్న పేర్లమ్మా. ఇయి ఇక్కడ ఎప్పుడూ సంతలోలాగ అరుత్తా ఉంటాయని. ఆ గుండు మీద చేపలగద్ద ఉంటది, ఒక్కతే కూచుని ఊరందర్నీ చూత్తది. మా మునసబుగారు అంతే."

అలేఖ్య నవ్వింది. గద్ద ఆ వేళకీ గుండు మీదే ఉంది, కాలికింద సగం తిన్న చేపతో. పుల్లలు, తాళ్లముక్కలు, ఒక పిల్లాడి చెప్పుతో కట్టిన గూడు నేలకి నడుమెత్తున ఉంది. ఇంకో కెమెరా అక్కడ పెట్టారు.

పడమటి ఇసుకతిన్నె మీద, నీటి అంచు నుంచి పైకీ మళ్లీ కిందికీ, చిన్న బండి చక్రాలు పోయినట్టు జాడ ఉంది. అలేఖ్య పరుగెత్తింది.

"తాబేలు! గుడ్లు పెట్టిందా అంకుల్?"

దేవదానం జాడ చివర తవ్వి ఉన్న గుంట పక్కన కూర్చుని, మొండివేలు ఇసుకలో దించి చూశాడు. లోపల గట్టిగా ఉంది. "పెట్టలేదమ్మా. తవ్వింది, నచ్చక ఎల్లిపోయింది. మళ్లీ ఒత్తది. పుట్టిన చోటికే ఒత్తాయంటారు కదండీ ఇయి. అందుకే దీనికి పుట్టిల్లని పెట్టా."

"అయితే రేపు మనం పొద్దున్నే వచ్చి చూద్దం."

"మీరు చూడండి."

ఆమె కెమెరా మరలు బిగిస్తోంది. ఆ మాట ఆమె పట్టించుకోలేదు.

పదకొండున్నరకి ఐదు పూర్తయ్యాయి. ఆరోది జింకల తొట్టి దగ్గర. నీళ్లలో తేలే బంతి, దానికి తీగ, పైన చిన్న సోలార్ పలక. జింకలు ఒళ్లు రుద్దుకుంటాయనీ, కడ్డీ నడుమెత్తున కాక తలెత్తున ఉండాలనీ అతనే చెప్పాడు. అతనే నిచ్చెన పట్టుకున్నాడు. అలేఖ్య ఫోనులో ఏదో నొక్కి, "వచ్చింది అంకుల్! నీళ్లు ఎనభై శాతం!" అని చూపించింది. దేవదానం తొంగిచూసి తలూపాడు. తొట్టిలోకి చూసినా అంతే కనిపిస్తోంది.

అన్నం తిన్నాక అతను కొండ మెరక మీదికి ఎక్కాడు. దీవి మొత్తంలో ఫోను పలికేది అక్కడే. పేరమ్మకి కలిపాడు. అతని భార్య అబుదాబి పక్కన మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మాలతిగారనే తెలుగువాళ్లింట్లో పదకొండేళ్లుగా వంటపని చేస్తోంది. ఇద్దరూ ఈ దేశంలోనే ఉన్నా, అతను సెలవు మీద ఒడ్డుకొచ్చిన మూడు నెలలకోసారే చూసుకునేవారు.

"బోటెక్కావా?"

"మూడింటికంట."

"రేపు ఎయిర్‌పోర్టు కాడికి ఒత్తానని అడిగాను. ఇంట్లో చుట్టాలున్నారు. ఆదివారమైతే పంపుదును పేరమ్మా అన్నాదావిడ."

"రేపు లక్ష్మివారం కదా."

"అదే."

ఫోనులో మిక్సీ తిరిగి ఆగింది.

"అమ్మాయింటికెళ్లాక బీపీ మాత్రలు మానకు. శాంతిప్రియకి చెప్పాను. తణుకులో ముందుగది నీకిత్తారంట."

"ఊఁ."

"నా వీసాకింకా రెండేళ్లుంది."

"తెలుసు."

"ఏటయ్యా, ఏం మాటాడవు?"

ఏదైనా చెప్పాలని దేవదానం వెతికాడు. "ఈ కొండని ఉప్పు లేపిందంట, పేరమ్మా. ఆ పిల్ల చెప్పింది."

"ఉప్పా?" అంది పేరమ్మ. లోపలినుంచి ఎవరో పిలిచారు. "ఉంటా. ఫ్లైటెక్కాక మెసేజ్ పెట్టు."

కొండ దిగేసరికి కింద అలేఖ్య నిలబడి ఉంది. మొహం కందిపోయి ఉంది. అతనికి ఇవాళే ఆఖరని నబీ రసూల్ చెప్పేసినట్టున్నాడు.

"అంకుల్, నాకు తెల్వదు. నిజంగ తెల్వదు. ఈ కెమెరాలు... పొద్దటిసంది మీతోనే పెట్టించిన."

"మంచి చోట్లే పెట్టారమ్మా."

"ఆఫీసుల మా ముదీర్‌తో, పెద్ద మేనేజర్‌తో మాట్లాడత. ఇంకో ఏడాది ఉంచమంట. మీకు తెలిసినంత వాళ్లకెవరికి తెల్వదు."

"వద్దమ్మా. ఖలాస్."

"మీకు బాధ లేదా?"

దేవదానం నిజంగానే ఆలోచించాడు. అబద్ధం చెప్పాలని లేదు. "ఉండే ఉంటదమ్మా. ఎక్కడుందో తెలవట్లేదు."

ఆమె కళ్లు తుడుచుకుంది. సంచిలోంచి దీవి మ్యాపు తీసి రాతి మీద పరిచింది. దాని మీద అన్నీ అక్షరాలూ అంకెలూ. "మీ పేర్లు చెప్పండి. నేను ఇంగ్లీషుల రాసుకుంట. రిపోర్టుల గిట్లనే పెడత."

అతను ఒక్కొక్కటే చెప్పాడు. రేవు, సంత, మునసబు గుండు, పుట్టిల్లు, తెల్లపలకల వాలు సున్నంబట్టి, జింకలు ఈనే పల్లం పురిటిగది. ఆమె రెండుసార్లు పలికి రాసింది. చివరికి కొండ ఉత్తరాన, ఉప్పు కరిగి ఏర్పడిన గుహ మీద కలం పెట్టింది.

"దీనికి?"

ఎండాకాలం మధ్యాహ్నాలన్నీ అతను ఆ గుహలోనే గడిపాడు. గోడలు తెల్లగా, చల్లగా ఉంటాయి, నాలుకకి తగిలితే ఉప్పన. కరోనా వచ్చిన ఏడాదిలో ఐదు నెలలు బోటు రానప్పుడు రాత్రులూ అందులోనే పడుకున్నాడు. మనసులో దాన్ని ఎప్పుడూ ఇల్లనే అనుకున్నాడు.

"దానికి పేరు పెట్టలేదమ్మా," అన్నాడు.

అలేఖ్య ఆ చోటు ఖాళీగా వదిలేసింది.

మూడయింది. బోటు డ్రైవరు "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. నబీ రసూల్ అప్పగింత కాగితం చదివాడు. వాకీటాకీ ఒకటి, తాళాలు నాలుగు, టార్చి ఒకటి. అక్కడ ఆగి, మిగతాది చదవకుండా కాగితం మడిచేశాడు.

"చదువు నబీ," అన్నాడు దేవదానం. "బూట్లు ఒక జత. అయీ కంపెనీయే."

"ఉండనీన్నా. ఎవరు చూసొచ్చినారు."

దేవదానం రేవు అంచున కూర్చుని బూట్లు విప్పాడు. పాదాలు తెల్లగా, వేరెవరివో అన్నట్టు బయటికొచ్చాయి. సంచిలోంచి హవాయి చెప్పులు తీసి తొడుక్కున్నాడు. నబీ రసూల్ అతని భుజాలు పట్టుకుని కాసేపు వదల్లేదు. "అల్లా తోడుంటాడన్నా," అన్నాడు. అలేఖ్య చేతులు జోడించింది.

"ఎండన పడి తిరక్కండమ్మా. నీళ్లు తాగతా ఉండండి," అని దేవదానం బోటులోకి దిగాడు.

ఇంజను అందుకుంది. నీళ్లు పచ్చరంగు నుంచి నీలానికి మారాయి. రేవు మీద ఇద్దరూ కాసేపు నిలబడి, షెడ్డువైపు తిరిగారు. అంచున బూట్లు మాత్రం అక్కడే ఉన్నాయి, ముక్కులు సముద్రం వైపు, చీలమండల దాకా ఉప్పుచార తేలి, ఎడమదాని మడమ లోపలి పక్క బాగా అరిగిపోయి, కుడిదాని మీదికి కొంచెం ఒరిగి.