అల్లుడి కారుకు చిన్న చక్రాలు

బళ్ళారి కంటోన్మెంట్‌లో బ్రేకుల కృపానందం అంటే తెలియని డ్రైవరు లేడు. ముప్పై ఏళ్ళుగా అదే రేకుల షెడ్డు, అదే నోరు. ప్యాడ్లు అరిగిపోయిన బండి తెచ్చినవాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేసేవాడు. "దీంట్లో పెండ్లాం పిల్లోళ్ళను ఎక్కిస్తాండావే, నీకు సిగ్గు లేదేందప్పా?" అనేవాడు. తిట్లు తిన్నవాడే మళ్ళీ వచ్చేవాడు. కృపానందం చెయ్యి పడిన బ్రేకు మీద అందరికీ అంత నమ్మకం.

అంత నోరున్న మనిషికి అల్లుడు కనబడితే మాత్రం నాలుక లోపలికి పోయేది. ఆ ఇంటి పద్ధతే అంత. అల్లుణ్ణి మీరు అనాలి, అతను కూర్చున్నాకే కూర్చోవాలి, అతను నోరు తెరిచి అడిగినదాన్ని కాదనకూడదు. ఈ చట్టం అమలు చేసే అధికారి ఆయన భార్య జయశీల. "నువ్వు షెడ్డులో ఎవర్నైనా తిట్టుకో. అల్లుణ్ణి ఒక మాట అంటే అది మన పిల్ల నెత్తిన పడుతుంది" అని పెళ్ళిరోజే చెప్పి పెట్టింది.

అల్లుడు జాబెజ్ చెడ్డవాడు కాదు. తోరణగల్లు దగ్గర ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఆదివారం ఏసయ్య గుడిలో పాట, తాగుడు లేదు, భార్య షెకైనా అంటే ప్రాణం. ఉన్న పిచ్చి ఒక్కటే, కారు. సెకండ్ హ్యాండులో ఒక జోరు కారు కొన్నాడు. సంగనకల్లు అవతల ఒకాయన సొంత స్థలంలో తిన్నటి తారు బాట వేయించి కుర్రకారు చేత కార్లు పరిగెత్తిస్తాడు. పావు మైలు, ఎవరు ముందు పోతే వాడు మొనగాడు. ఆ పరుగు కోసం జాబెజ్ చక్రాలు తెప్పించాడు. కంపెనీ చక్రాల కంటే రెండంగుళాలు చిన్నవి, ముందువి సన్నంగా, వెనుకవి లావుగా. గురువారం సెలవు పెట్టి, ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకుని షెడ్డుకొచ్చాడు.

వెనుక చక్రాలు ఇబ్బంది లేకుండా ఎక్కాయి. ముందు చక్రం ఎక్కలేదు. జోరు బండి కాబట్టి ముందు బ్రేకులు పెద్దవి. డిస్కును రెండు వైపులా పట్టి ఆపే ఇనుప దవడను కాలిపర్ అంటారు, దాని భుజం చక్రం పుల్లలకు తగులుతోంది. ఎక్కడెంత తగులుతోందో చూడ్డానికి కృపానందం తన అలవాటు ప్రకారం ఇంటినుంచి జొన్నపిండి ముద్ద తెప్పించి, కాలిపర్ మీద అక్కడక్కడా అంటించి, చక్రం పెట్టి ఒక చుట్టు తిప్పి తీశాడు. మిగతా చోట్ల పిండి నిలిచింది. భుజం మీద మాత్రం పూర్తిగా చెరిగిపోయి ఇనుము బయటపడింది.

"చక్రం వెనక స్పేసర్ బిళ్ళ వేయాలప్పా" అన్నాడు మెత్తగా. "హబ్బు మీద సరిగ్గా కూర్చునేది. దాంతో చక్రం బయటికి జరుగుతాది కాబట్టి స్టడ్డు బోల్టులు పొడుగువి మార్చాల. లేకుంటే నట్టుకు పట్టు దొరకదు. బెంగళూరు నుంచి రావాల, పది దినాలు పడతాది. అంతవరకు ముందర పాత చక్రాలే ఉండనీయండి."

"శనివారమే పరుగు మామా" అన్నాడు జాబెజ్. "స్వల్ప ఆ భుజం అరగదీస్తే చాలు గదా? హొసపేటలో అందరూ అట్లే చేస్తాండారు."

వేరే ఎవరైనా ఈ మాట అని ఉంటే పానా నేలకేసి కొట్టేవాడు. బ్రేకు తొక్కినప్పుడు కాలిపర్ విచ్చుకోవాలని చూస్తుంది, దాన్ని విచ్చుకోనీయకుండా పట్టేది ఆ భుజమే. అక్కడ ఇనుము తీయడమంటే ఎముక చెక్కడమే. కృపానందానికి ఇది తెలుసు, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కానీ అల్లుడు స్నేహితుల ముందు నిలబడి అడుగుతున్నాడు. కాదంటే అతని ముఖం చిన్నబోతుంది, సాయంత్రానికి కూతురి ముఖం చిన్నబోతుంది, రాత్రికి జయశీల ముఖం చూడలేడు.

తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. పరుగులో బ్రేకు తొక్కేది చివర్లో ఒక్కసారి. ఆ ఒక్కసారికి తట్టుకుంటుంది. గ్రైండర్ తీసుకుని రెండు వైపులా రెండేసి మిల్లీమీటర్లు తీశాడు. పిండి మళ్ళీ పెట్టి చూస్తే ఈసారి చెరగలేదు. స్నేహితులు చప్పట్లు కొట్టారు. కృపానందం మాత్రం రాలిన ఇనుప రజనును కాలితో పక్కకు తోశాడు.

"ఆ బాట మీద తప్ప ఇంక యాడికీ పోవద్దండి" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "శనివారం సాయంత్రమే ఈడికి తెచ్చేయండి. కొత్త కాలిపర్లు, పాత చక్రాలు వేసిస్తా."

"హౌదు మామా, అట్లే" అన్నాడు జాబెజ్. ఎందుకని అడగలేదు. ఆయనా చెప్పలేదు.

శనివారం సాయంత్రం కారు రాలేదు. ఏడున్నరకు ఫోన్ చేస్తే జాబెజ్ సంతోషంతో ఊగిపోతున్నాడు, గెలిచాడు. సోమవారం తెస్తానన్నాడు. ఆదివారం ఆరాధన ముగిసి బయటికొస్తే గుడి వాకిట్లోనే ఆ కారు, ముందుభాగానికి బంతిపూల దండ. సంఘపెద్దలు జాబెజ్‌కు చెయ్యి కలుపుతున్నారు. షెకైనా నీలం చీరలో ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంటోంది.

"యాడికమ్మా?" అన్నాడు కృపానందం.

"సండూరుకు నాన్నా. వాళ్ళ పిన్నమ్మ భోజనానికి రమ్మనింది."

సండూరంటే కొండదారి, ఘాటు రోడ్డు. ఖనిజం లారీల వెనక అడుగడుక్కీ బ్రేకు తొక్కాలి. కృపానందం ఒక అడుగు ముందుకేశాడు. కారు ముందు అడ్డంగా నిలబడాలని, దిగండని అరవాలని అనిపించింది. చుట్టూ సంఘమంతా ఉంది. పక్కన జయశీల మురిసిపోతూ నిలబడి ఉంది. జాబెజ్ నవ్వుతూ, "పోయొస్తాం మామా" అన్నాడు.

"నిదానంగా పోయి రాండప్పా" అన్నాడు కృపానందం. ముప్పై ఏళ్ళు ఊరందరినీ తిట్టిన నోటికి ఆ పూట అంతకంటే మాట రాలేదు.

మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్ వచ్చింది. ఘాటు దిగుతుంటే ముందు లారీ ఆగింది, జాబెజ్ గట్టిగా తొక్కాడు. ఎడమ చక్రం దగ్గర కాలిపర్ భుజం పుటుక్కున విరిగింది. కుడివైపు బ్రేకు ఒక్కటే పట్టడంతో కారు గిరుక్కున కుడికి తిరిగి, ఎదురుగా వస్తున్న లారీ కిందికి వెళ్ళింది. జాబెజ్ అక్కడికక్కడే పోయాడు. షెకైనాకు తుంటి ఎముక, రెండు పక్కటెముకలు విరిగాయి.

భూస్థాపన రోజు ఆమెను ఆసుపత్రి నుంచి కదల్చలేదు. ఐదో రోజున కృపానందం మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. అప్పటిదాకా అందరూ లారీవాణ్ణి తిట్టారు, ఘాటును తిట్టారు. ఆయన్ను ఒక్కరూ ఏమీ అనలేదు. అదే ఆయనకు భరించరాకుండా ఉంది.

"నాన్నా" అంది షెకైనా పైకప్పు చూస్తూ. "దోవలో నేనడిగినా, ఈ చక్రాలతో ఘాటు ఎక్కొచ్చునా అని. మీ నాయన చెయ్యి పడిన బండి, భయమేంది అన్నాడు."

కృపానందం ఇక దాచలేకపోయాడు. గ్రైండర్ పట్టిన సంగతి, భుజం సంగతి, గుడి వాకిట్లో నోట మాట రాని సంగతి, అన్నీ చెప్పాడు. "అల్లునికి కాదని యెట్ల చెప్పేది తల్లీ? నాకు నోరు రాలేదు" అని ఏడ్చాడు.

ఆమె పైకప్పు మీదనుంచి చూపు దించి తండ్రి వైపు తిప్పింది.

"ఆయనకు చెప్పలేకపోతివి, సరే" అంది. "నేను నీ కూతుర్నే గదా. నన్నెన్ని తిట్లు తిట్టినావు చిన్నప్పట్నుంచి. ఆ పొద్దు కూడా ఒక తిట్టు తిట్టి, దిగమే అని రెక్క పట్టి ఈడ్చింటే దిగేదాన్ని. నేను లేకుండా ఆయన పోతాండెనా?"

కృపానందం కూతురి చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె దుప్పటి కిందికి లాక్కుంది.