జాబితాలో లేని వాషరు

పాత బెల్టు తీసి కొత్తది వేయాలి. స్టీరింగ్ ఆయిలు మొత్తం దింపి కొత్తది పోయాలి. గొట్టాల కీళ్ల దగ్గర ఎక్కడైనా కారుతోందేమో చూడాలి. లోపల చిక్కుకున్న గాలి పోయేదాకా చక్రాలు అటూ ఇటూ తిప్పాలి. టైర్లలో గాలి సరిచూడాలి. ఆదివారం పొద్దుగూకేలోగా పిన్ని చేత నడిపించి చూడాలి.

మెకానిక్ షెడ్డు గోడకు అంటించిన ఆ కాగితం రాసింది అక్కడ పనిచేసే ‘డిగ్రీ’. ఇంటిల్లిపాదిలో కాలేజీ మెట్లెక్కింది తనొక్కతే కావడంతో షెడ్డులో అందరూ ఆ పిల్లను అలాగే పిలుస్తారు. పరీక్షలంటే భయపడి వెనకడుగు వేసిన ప్రతిసారీ “నీకు రాకపోవడమేంటే” అని ముందుకు తోసింది పిన్నే.

ఆ పిన్ని ఆసుపత్రి కారు నడుపుతుంది. డయాలసిస్‌కు వచ్చే ముసలివాళ్లను తెచ్చి, మళ్లీ ఇళ్లకు చేరుస్తుంది. ఈమధ్య స్టీరింగు మొరాయించి ఆమె భుజం పట్టేసింది. సోమవారం పొద్దున ఆసుపత్రి బళ్లు చూసుకునే ఆఫీసరు పక్కన కూర్చుని ఆమె నడపడం చూస్తానన్నాడు. తేడా వస్తే తాళాలు ఇంకొకరికి, పిన్ని ఫోన్లెత్తే బల్ల దగ్గరికి.

“ఆ బల్ల దగ్గర కూర్చోబెడితే రెండ్రోజుల్లో ముసలిదాన్నైపోతానే” అని పిన్ని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోవడం డిగ్రీ చూసింది.

ఆదివారం మధ్యాహ్నానికి రిపేరు పనులన్నీ అయిపోయాయి. స్టీరింగు పంపు మూలుగు ఆగింది. అంతటితో ఆ పిల్ల చేతులు కడుక్కుని ఉంటే ఈ కథే లేదు.

ఇంజను తిరిగితే బెల్టు ఆ పంపును తిప్పుతుంది. మనం ఎటు తిప్పితే అటు ఆయిలును నెట్టి చక్రాలకు సాయం చేస్తుంది. ఎంత ఆయిలు పోవాలో పంపులోని చిన్న స్ప్రింగు చూసుకుంటుంది. దాని వెనక పల్చటి వాషరు పెడితే ఆయిలు ఇంకాస్త ఎక్కువ పోతుంది, స్టీరింగు ఇంకాస్త తేలికవుతుంది. పిన్ని భుజానికి సుఖం కదా అనుకుని డిగ్రీ వాషరు పెట్టేసింది. షెడ్డు పెద్ద మేస్త్రీకి చెప్పలేదు, కాగితం మీద రాయలేదు.

షెడ్డు వాకిట్లో పిన్ని ఒంటి వేలితో స్టీరింగు తిప్పి మురిసిపోయింది. “అబ్బో, వెన్నముద్దేనే ఇది!”

పెద్ద రోడ్డెక్కి వేగం అందుకోగానే కారు గీతల మధ్య కుదురుగా ఉండనంది. మలుపులో పిన్ని ఎక్కువ తిప్పేసి, కంగారుగా వెనక్కి లాగింది.

“బానే ఉందే బంగారం” అని పక్కన కూర్చున్న డిగ్రీతో అంది. కాసేపటికి మళ్లీ అంది. షెడ్డుకు తిరిగొచ్చాక మూడోసారీ అంది. నిజంగా బాగుంటే ఎవరూ మూడుసార్లు చెప్పరు. కారు దిగుతూ ఎవరూ చూడట్లేదనుకుని భుజం పిసుక్కుంది.

“నిజం చెప్పు పిన్నీ.”

“నువ్వంత కష్టపడ్డావు...”

“నా కష్టం సంగతి తర్వాత. రేపు నీ తాళాలు పోతాయి.”

పిన్ని నిట్టూర్చింది. “ఇదివరకు కింద ఇసకున్నా, తడున్నా చేతికి తెలిసేదే. ఇప్పుడు అవతల ఫోను పెట్టేసినట్టుంది. రోడ్డు ఏమీ చెప్పకపోతే గట్టిగా పట్టుకోక ఏం చెయ్యను?”

టీ తాగుతున్న పెద్ద మేస్త్రీ గ్లాసు పక్కన పెట్టి, వెల్డింగు గ్లవ్స్ డిగ్రీ ముందు పడేశాడు. “ఇవి తొడుక్కుని ఆ బోల్టుకి నట్టెక్కించు.”

నట్టు అడ్డంగా బిగుసుకుంది.

“మరలో కూర్చుందో లేదో తెలీలేదా?”

“ఇవుంటే ఎలా తెలుస్తుంది మేస్త్రీ?”

“మీ పిన్ని చేతులకి నువ్వు తొడిగినవి కూడా ఇలాంటివే తల్లీ. పంపులో ఏం పెట్టావు?”

డిగ్రీ మొహం కందిపోయింది. “వాషరు.”

“కాగితం మీద లేదే?”

“లేదు.”

“అయితే ఇప్పుడు రాయి.” చెవి మీంచి పెన్సిలు తీసిచ్చాడు. ‘వాషరు తీయాలి’ అని డిగ్రీ రాసింది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు.

“భుజం పట్టేసింది పాత బెల్టు జారడం వల్లమ్మా. అది పొద్దున్నే బాగు చేశావు. అక్కడితో ఆగి నాతో టీ తాగాల్సింది” అన్నాడు మేస్త్రీ.

డిగ్రీ మళ్లీ పంపు విప్పి వాషరు తీసింది, మళ్లీ ఆయిలు పోసింది, మళ్లీ గాలి తీసింది. పొద్దుగూకేసరికి పిన్ని ఇంకో చుట్టు తిప్పుకొచ్చింది. ఈసారి ఈల వేసుకుంటూ దిగింది.

సోమవారం పొద్దున ఆఫీసరు ముందు సీట్లో, డిగ్రీ ఒళ్లో ఆయిలు సీసాతో వెనక సీట్లో. రెండు అంబులెన్సుల మధ్యకు పిన్ని ఒక్క ఊపులో రివర్సు చేసింది. తర్వాత పెద్ద రోడ్డు. ఒక మలుపులో ఉన్నట్టుండి వేగం తగ్గించింది.

“ఏం, భుజమా?” అన్నాడు ఆఫీసరు.

“కాదు సార్. చేతిలో స్టీరింగు కాస్త వదులైంది. ఇక్కడెవరో ఇసక ఒలకబోసుకుంటూ పోయారు.”

ఆఫీసరు అద్దం దించి తొంగిచూశాడు. రోడ్డంతా సన్నటి ఇసక. అద్దం ఎత్తేసి, “పదండి, పేషెంట్లు ఎదురుచూస్తుంటారు” అన్నాడు. తాళాల సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఎప్పుడైనా మలుపు తిరుగుతుంటే కింద రోడ్డు ఎలా ఉందో మీ చేతికి సన్నగా తెలిసిందనుకోండి, ఈ పిన్నిని ఓసారి తలుచుకోండి. బానే ఉందని మూడుసార్లు అబద్ధమాడినా, నాలుగోసారికి నిజం చెప్పిన మనిషి.