కొత్త గడప, పాత అలవాటు

తాళాల మేస్త్రికి ఎదురుపడిన ప్రతివాళ్ళూ బంగారమే. తాళంచెవి పారేసుకున్న గుమాస్తా బంగారం, తన ఇంటి బయటే ఇరుక్కుపోయిన డాక్టరమ్మ బంగారం. చివరికి తుప్పుపట్టి మొరాయించే తాళాన్ని కూడా "రావే బంగారం, నా పరువు తియ్యకు" అని బతిమాలేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఆయన నమ్మకం. ఇన్నేళ్ళలో ఎవరూ కాదనలేదు కూడా.

ఒక మధ్యాహ్నం ఎవరో ఆవిడ ఫోను చేసింది. బస్సులో హ్యాండ్‌బ్యాగు పోయిందట. ఇంటి తాళంచెవీ, చిరునామా ఉన్న కార్డూ రెండూ అందులోనే ఉన్నాయట. పక్కింట్లో దాచిన రెండో తాళంచెవితో లోపలికైతే వెళ్ళింది గానీ, తలుపు తాళం వెంటనే మార్చాలంది. మేస్త్రి సంచీ భుజాన వేసుకుని ఆవిడ చెప్పిన మూడో అంతస్తుకి ఎక్కాడు.

తలుపు జానెడు తెరుచుకుంది. ముప్పై దాటిన మనిషి, ఇంకా ఆఫీసు బట్టల్లోనే ఉంది.

"కంగారు పడకు బంగారం, నేనొచ్చేశాగా," అంటూ మేస్త్రి గడప మీద కాలు పెట్టాడు.

తలుపు ఇంకాస్త తెరుచుకోలేదు. "అలా పిలవకండి," అందావిడ.

"అయ్యో, నా కూతురి వయసుదానివి. తప్పేముంది బంగారం?"

"వద్దన్నాక కూడా అన్నారు. మీరు వెళ్ళండి. వేరేవాళ్ళని పిలుచుకుంటాను."

తలుపు మూసుకుంది. మేస్త్రికి గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. ఇల్లు చేరేసరికి ఆ వెలక్కాయ కాస్తా కోపంగా మారింది.

మందుల షాపులో ఉదయం డ్యూటీ ముగించుకొచ్చిన కూతురు అప్పుడే అన్నం తింటోంది. మేస్త్రి చేతులు తిప్పుతూ జరిగిందంతా చెప్పాడు. "మంచికి రోజులు కావమ్మా! నేనేమన్నా బూతు మాటన్నానా?"

కూతురు నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉందా నాన్నా?"

"ఉన్నట్టే ఉంది."

"తాళాలు తియ్యడం తెలిసిన మగమనిషివి. గుమ్మంలో నిలబడి చనువుగా పిలిచావు. వద్దంటే మళ్ళీ పిలిచావు."

"అంటే నేను చెడ్డవాణ్ణా?"

"మంచివాడివని నాకు తెలుసు. ఆవిడకెవరు చెప్పారు?"

మేస్త్రి తగ్గలేదు. "షాపులో నిన్నూ ఎవరో ఒకరు అలా పిలుస్తూనే ఉంటారుగా. నువ్వూ తలుపేస్తావా?"

"కౌంటరుకి తలుపుండదుగా. కొందరు బంగారం అంటే కడుపు నిండినట్టుంటుంది. ఇంకొందరు అదే మాటంటే చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపిస్తుంది. ఇద్దరికీ నవ్వుతాను. నవ్వకపోతే పొగరంటారు."

షాపు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా కూతురు అందరితో నవ్వుతూ ఉండటం చూసి మేస్త్రి మురిసిపోయేవాడు. వాటిలో ఏ నవ్వు ఎలాంటిదో పోల్చుకోవాలని ఆయనకెప్పుడూ తోచలేదు. భుజానున్న సంచీ మూలన పెట్టబోయాడు. అప్పుడు అసలు సంగతి గుర్తొచ్చింది. ఆవిడ ఇంటి తాళంచెవి ఇంకా ఎవడి చేతిలోనో ఉంది.

ఫోను తీశాడు.

"నేనండీ, ఇందాకటి తాళాల మనిషిని. ఎవరైనా వచ్చారా?"

"లేదు. రేపు వస్తామంటున్నారు."

"మీరు వద్దన్నాక మళ్ళీ అనడం నాదే తప్పండీ. మీరు సరేనంటే మా అమ్మాయిని వెంటబెట్టుకొచ్చి ఇప్పుడే వేసి వెళ్తాను. నేను రావడం మీకిష్టం లేకపోతే నాకు తెలిసిన ఇంకో మేస్త్రిని పంపిస్తాను."

"మీ అమ్మాయితో రండి."

కొత్త తాళం డబ్బా సీలు మేస్త్రి ఆవిడ చేతే తీయించాడు. గడప ఇవతలే మోకాళ్ళ మీద కూర్చుని పాత తాళం విప్పడం మొదలుపెట్టాడు. ఒక మర ఎంతకీ కదల్లేదు. "రావే బం..." అని నాలిక్కరుచుకుని దగ్గాడు. కూతురు గోడవైపు తిరిగి నవ్వు దాచుకుంది.

తాళం బిగించాక ఇక ఉండబట్టలేక అడిగాడు. "ఏమీ అనుకోకండి. ఆ మాటతో ఇంతకుముందు మిమ్మల్నెవరైనా ఇబ్బంది పెట్టారా?"

"లేదే."

"మరి?"

"మీరు నాకు కొత్త. అంతే."

దీని వెనక ఏదో పెద్ద కథే ఉంటుందని, అది వింటే తన మనసు తేలికపడుతుందని మేస్త్రి ఆశపడ్డాడు. కథేమీ లేదు. తల ఊపి, తాళంచెవులన్నీ ఆవిడ అరచేతిలో పెట్టాడు.

ఆవిడ ఒక్కొక్కటీ తిప్పి చూసుకుంది. అన్నీ సాఫీగా తిరిగాయి. మేస్త్రి సామాను సర్దుకుంటుంటే, "బాల్కనీ తలుపు గడియ కూడా వదులైంది. చూస్తారా?" అంటూ తలుపు బార్లా తెరిచింది.

"చూస్తానండీ," అని ఆయన సంచీ అందుకుని లోపలికి నడిచాడు.