అడుగు గొంతు

నడుం పట్టీ మూడో చుట్టు తిప్పేసరికి మిల్వికి ఆయాసం వచ్చింది. ఎర్రదారం, తెల్లదారం కలిపి నేసిన ఆ పట్టీని కద్రి నడుముకు గట్టిగా బిగించాలి. లేకపోతే ఎండలో గంటలకొద్దీ నిలబడేసరికి ఉన్ని పావడా బరువుకు కిందికి జారుతుంది. మిల్వి చుట్టు మధ్యలో ఆగి, పట్టీ కొస సరిచూస్తున్నట్టు తల వంచి, ఊపిరి కూడదీసుకుంది.

"ఇంక బిగించకు పిన్నీ, పాలు కారిపోతాయి" అంది కద్రి.

రాజధాని టాలిన్‌లో ఏదో బడి అది, మూడో తరగతి గది. పాటల పండుగకు ఊళ్లనుంచి వచ్చిన బృందాలన్నిటికీ బళ్లలోనే పడక. మెట్సవెరె ఊరి ఆడవాళ్లు చిన్నపిల్లల బల్లలన్నీ గోడవారకు పేర్చి, నేలమీద పరుపులు పరుచుకుని రెండు రాత్రులు గడిపారు. గదంతా తడి ఉన్ని వాసన, కాఫీ వాసన. నల్లబల్ల మీద ఎవరో పిల్ల గీసిన ముళ్లపందిని చెరపకుండా, పక్కనే ఎవరి స్నానం ఎప్పుడో రాసుకున్నారు.

పెళ్లయిన ఆడవాళ్లు పావడా మీద ముందుగుడ్డ కట్టుకోవాలి, అది ఆచారం. కద్రికీ రైవోకీ ఒకటే ఇల్లు, ఏడు నెలల పిల్ల, కానీ పెళ్లి మాత్రం ఇంకా కాలేదు. అందుకని కద్రికి ముందుగుడ్డ లేదు. పై గొంతు పాడే హెల్యు కిటికీ దగ్గర జడ వేసుకుంటూ ఊరుకుంటుందా?

"చూశారా మన కన్నెపిల్లని! చంకలో పిల్ల, నడుముకి ముందుగుడ్డ లేదు."

"నీ నడుముకి ఉందిగా హెల్యక్కా. ఇంట్లో మొగుడెక్కడున్నాడో ముందు వెతుక్కో" అంది కద్రి.

గది ఘొల్లుమంది. హెల్యు మొగుడు ఫిన్లాండ్‌లో పడవల పనికి వెళ్లి, క్రిస్మస్‌కి తప్ప రాడు. హెల్యు కూడా నవ్వింది. మిల్వి నవ్వబోయి దగ్గింది.

మెట్సవెరె బడి వంటగదిలో గంజి కలిపే ఆమె మిల్వి. డెబ్బై దాటినా మానలేదు, మానమని ఎవరూ అనలేదు. పొద్దున్నే ఓట్సు గంజి, మధ్యాహ్నం సూపు, మధ్యలో గిన్నెలు. ఊళ్లో ఆమె గురించి చెప్పమంటే ఎవరైనా కాసేపు ఆలోచిస్తారు. పొట్టిగా ఉంటుంది, చేతులు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి, బృందంలో రెండో వరసలో ఎడమ చివర నిలబడుతుంది. అంతకంటే ఏం చెప్పాలో తోచదు.

ఆడవాళ్ల గొంతుల్లో అన్నిటికంటే కిందిది అడుగు గొంతు. పాట అసలు వరస పై గొంతులది. అడుగు గొంతుకు వచ్చేవి రెండో మూడో స్వరాలు, వాటిమీదే కదలకుండా కూర్చోవాలి. పదిహేడో ఏట బృందంలో చేరినప్పుడు పాత టీచరమ్మ ఆమెను అక్కడ నిలబెట్టింది. తర్వాత ఎవరూ కదిపింది లేదు. ఐదేళ్లకోసారి వచ్చే ఈ పండుగలో, పాటల వేదికమీది పెద్ద కమాను కింద, దేశం నలుమూలలనుంచి వచ్చిన వేలమందిలో ఆమె ప్రతిసారీ ఆ రెండు మూడు స్వరాలే పాడి ఇంటికి వెళ్లింది.

పెళ్లయిన కొత్తలో మొగుడు ఎండెల్ అడిగాడు, పండుగ ముగింపులో పాడే ఆ చివరిపాట ఒకసారి పాడవే అని. ఆమె కళ్లు మూసుకుని తన వరస పాడింది. ఎండెల్ చెంచా పక్కన పెట్టి విన్నాడు. "ఏ పాట ఇది? ఈనబోయే ఆవు మూలిగినట్టుంది" అన్నాడు. ఆమెకూ నవ్వొచ్చింది. అసలు వరస పాడబోతే గొంతు దానంతటదే అడుక్కి జారిపోయింది. ఎండెల్ పోయి తొమ్మిదేళ్లయింది. పోయేదాకా ఆమెను 'మా ఆవు' అనే పిలిచాడు, ముద్దుగా.

ఈస్టర్ తర్వాత ఒకరోజు సాధనలో మిల్వికి గొంతు రాలేదు. ఊపిరి సగంలోనే అయిపోయింది. పట్నంలో డాక్టరు గుండె విని, "మెట్లూ వద్దు, పాటలూ వద్దు. టాలిన్ ఊసే ఎత్తకు" అన్నాడు. ఆమె సరేనని తలూపి వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచి పెదవులు కదుపుతోంది, అంతే. చెబితే ఇంటి దగ్గర ఉండిపొమ్మంటారు. ఉండిపోతే ఊరి అడుగు గొంతులో మిగిలేది కద్రి ఒక్కతే. పక్కన మిల్వి మోచెయ్యి తగలకపోతే కద్రి రెండో చరణానికల్లా ఎగిరి అసలు వరసలో పడుతుంది. బృందం నడిపే ఉర్వే ఈ మధ్య పైకే అంటోంది, అడుగు లేకపోతే వచ్చేసారి పండుగ ఎంపిక పరీక్షలో మనల్ని ఎవరూ తీసుకోరని.

మైదానంలో సూపు వరస పొడుగ్గా ఉంది. అందరి నడుములకూ ఇంటినుంచి తెచ్చుకున్న చెంబులు వేలాడుతున్నాయి. మిల్విది అంచు పెచ్చులూడిన నీలం ఎనామిల్ చెంబు. ఎండెల్ పాలకేంద్రంలో పనిచేసేటప్పటిది. వరసలో ముందుకి జరుగుతూ కద్రి ఒక కంట దూరంగా, జనం కూర్చునే గడ్డి వాలు వైపు చూస్తోంది. రైవో పిల్లను తీసుకుని అక్కడ ఎర్ర దుప్పటి పరుచుకుని ఉంటానన్నాడు.

"ఎల్లికి టోపీ పెట్టాడో లేదో. పళ్లు వస్తుంటే రాత్రంతా ఏడ్చింది. ఒళ్లు కూడా కాస్త వెచ్చగా ఉంది పిన్నీ."

"పళ్లొచ్చేటప్పుడు అంతే. రొట్టె పెచ్చు నమలనివ్వమను."

కద్రి తన చెంబు వైపు చూస్తూ అంది.

"నువ్వు పాడటం లేదు. నాకు తెలుసు. నిన్ననే కాదు, వసంతం నుంచీ."

మిల్వి చేతిలోని రొట్టెముక్క తుంచింది, తినలేదు.

"ఉర్వేకి చెప్పావా?"

"చెప్పలేదు. చెప్తే నిన్ను బస్సులో కూర్చోబెడుతుంది." కద్రి వరసలో ఓ అడుగు ముందుకి జరిగింది. "నావల్ల కాదు పిన్నీ. నాకు అసలు వరసే నోటికొస్తుంది. నువ్వు లేకపోతే నేను పైకి కొట్టుకుపోతాను. ఈసారి అయిపోయాక మానేస్తాను."

మిల్వి రొట్టెముక్క నోట్లో వేసుకుని నమిలింది. మాటలకి కూడా ఊపిరి లెక్క చూసుకోవాల్సి వస్తోంది.

"గంజి ఎప్పుడైనా కలిపావా?"

"కలపకేం."

"పైన పొంగేది చూశావంటే అడుగంటుతుంది. గరిటె అడుగునే తిప్పుతూ ఉండాలి. ఎవరు ఏం పొంగించుకున్నా నీకనవసరం. అంతే."

"అంతేనా?"

"నేను యాభై ఏళ్లనుంచి చేసింది అంతే."

సూపు పోసే కుర్రది ఇద్దరి చెంబులూ నింపింది. మిల్వి తన చెంబులోది సగం కద్రి చెంబులో వంచింది. "పాలిచ్చేదానివి, తిను."

కమాను కింద మెట్లమీద భుజం భుజం ఆనుకుని నిలబడ్డారు. ఉన్ని కింద చెమట కారుతోంది. ముందు ఎవరో స్పృహ తప్పితే చేతులమీదుగా కిందికి దించారు. పాట మీద పాట సాగింది. మిల్వి పెదవులు కదుపుతూ, కద్రి మోచేతిని మోచేత్తో తాకుతూ నిలబడింది. కద్రి పైకి పోబోయినప్పుడల్లా మోచెయ్యి కొంచెం నొక్కింది. నొక్కినప్పుడల్లా కద్రి కిందికి దిగింది.

చివరిపాటకు ముందు కాసేపు విరామం. మిల్వి చెవుల్లో ఈగల మోత.

"నీళ్లు తాగొస్తాను" అంది.

"నేనూ వస్తా."

"నువ్వు కదిలావంటే అడుగు ఖాళీ అవుతుంది. ఇక్కడే ఉండు."

"పిన్నీ..."

"గరిటె" అంది మిల్వి, వేలితో గాలిలో చిన్న సున్నా చుట్టి చూపించి. పక్కలవాళ్లు ఒదిగి దారిచ్చారు.

వాలెక్కడానికి ఆమె చాలాసార్లు ఆగింది. ఎర్ర దుప్పటి కనబడేముందే ఎల్లి ఏడుపు వినిపించింది. రైవో చెమటలు కక్కుతూ పిల్లను ఊపుతున్నాడు. పాపం, టోపీ మాత్రం పెట్టాడు.

"వచ్చావా పిన్నీ! గంటనుంచి ఇదే వరస. కద్రి చూస్తే నన్ను చంపేస్తుంది."

"ఇటియ్యి." మిల్వి దుప్పటిమీద, వెనక ఉన్న రాతిదిమ్మెకు ఆనుకుని కూర్చుంది. నడుంనుంచి చెంబు విప్పి ఇచ్చింది. "కాసిని నీళ్లు పట్టుకురా నాయనా."

అతను వెళ్లాడు. పిల్ల ఆమె గుండెమీద ముఖం రుద్దుకుంది. మిల్వి వీపు నిమురుతూ తన వరస మొదలుపెట్టింది. పెద్ద ఊపిరి అక్కర్లేదు, పిల్ల చెవి పెదవుల దగ్గరే ఉంది. గొంతు వచ్చింది. సన్నగా, బొంగురుగా, రెండు మూడు స్వరాలు. ఎల్లి ఏడుపు ఆగింది.

తలెత్తితే కింద కమాను కనబడింది. దాని వెనక సముద్రం. అక్కడ సముద్రం ఉందని ఆమెకు తెలుసు, కానీ ఎప్పుడూ దానికి వీపుపెట్టే పాడింది. పొద్దు ఇంకా పైనే ఉంది, నీళ్లు తళతళలాడుతున్నాయి. చివరిపాట మొదలయింది. వాలంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. ఆమె పిల్లతో కూర్చునే ఉంది, జనం కాళ్ల మధ్యనుంచి వింటూ.

ఎదురుగా ఉండి ఆ పాట ఆమె విన్నదే లేదు. ఇంత పెద్దదా ఇది! అసలు వరస గాలిపటంలా లేస్తోంది. ఎండెల్ అడిగింది దీన్నన్నమాట. అతనికి తాను దీని అడుగు మాత్రమే ఇచ్చింది. అంతమందిలో కద్రి గొంతు వినబడే మాటే లేదు. అయినా ఆమె కళ్లు మూసుకుని కిందికి, ఇంకా కిందికి విన్నది. అడుగు ఉంది. అంటుకోలేదు.

కమాను కింద కద్రి ఎడమ మోచేతికి గాలి తగులుతోంది. మొదటి చరణంలో పైకి జారింది. రెండోదాంట్లో కళ్లు గట్టిగా మూసుకుని గరిటె పట్టుకుంది. మూడోదాంట్లో పట్టు దొరికింది. చుట్టూ వేలమంది ఏ వరసలో పొంగినా తాను కదల్లేదు. పాట అయ్యేసరికి చెంపలు తడిసిపోయాయి. పాట నడిపించినాయన్ని అందరూ గాలిలోకి ఎగరేస్తుంటే ఆమె ఆగలేదు, వాలు మీదికి పరిగెత్తింది.

"పిన్నీ! పట్టుకున్నా! ఒక్కసారే జారా, అంతే!"

"ష్" అన్నాడు రైవో, నిండు చెంబుతో నిలబడి. "ఇద్దరూ నిద్రపోయారు. నీళ్లు తెచ్చేసరికే."

ఎల్లి మిల్వి గుండెమీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఎర్రటి చెయ్యి దాని వీపుమీద ఉంది. నిమరడం లేదు. కద్రి ముందు పిల్లను తీసుకుంది. నుదురు ముట్టుకుంది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. పిల్ల వెచ్చగా, బరువుగా, బాగా ఉంది. అప్పుడు మిల్వి చెయ్యి తాకి, ఆమె ముక్కు దగ్గరా వేలు పెట్టింది. వేలికి ఊపిరి తగల్లేదు.

రైవో చెంబు గడ్డిమీద పెట్టి, వైద్యుల గుడారం వైపు పరిగెత్తాడు.

జనం చివరిపాట మళ్లీ అడిగారు. ప్రతిసారీ అడుగుతారు. మళ్లీ మొదలయింది. కద్రి పిల్లను భుజాన వేసుకుని, దుప్పటిమీద మిల్వి పక్కన భుజం ఆనించి కూర్చుని, అడుగు వరస పాడింది. ముందున్న ఒకావిడ, ఇదే పాటా అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. కద్రి ఆపలేదు.

పక్కన గడ్డిలో నీలం చెంబు అంచుదాకా నిండి ఉంది. పాట అదురుకు నీళ్లమీద సన్నటి వలయాలు లేస్తున్నాయి.