పెద్దల ముందు

...అదే జవాబు వస్తుందని తెలిసి కూడా అడగడం దేనికి, అనుకుంది రమాసుందరి. తిరువూరులోని ఈ పిల్లల సంక్షేమ ఆఫీసులో చేరినప్పటి నుంచీ ఆమె ఇలాగే అడుగుతోంది, దెబ్బ ఎలా తగిలిందని, వెంట తీసుకొచ్చిన పెద్దల ముందే పిల్లల్ని. అలా అయితే తర్వాత గొడవలుండవని పై అధికారి, సార్, నేర్పారు. నిజమే, గొడవలుండవు. పిల్లలు తలూపి, కొట్టినవాళ్ళ వెంటే వెళ్ళిపోతారు. ఈమధ్య ఆమెకి నిద్ర లేచేసరికే అలసటగా ఉంటోంది.

ఎదురుగా తొమ్మిదేళ్ళ కెజియా. మెడ వెనక కాలిన వాత చూసి బడిలో టీచరు ఫోన్ చేసింది. ఎ.కొండూరు నుంచి బండి మీద తీసుకొచ్చిన బాబాయి జోజప్ప పక్కనే కూర్చున్నాడు.

"మా అన్న పోయాక నేనే సాకుతున్నానండి. చెప్పమ్మా, మేడంగారికి."

కెజియా బాబాయి ముఖంలోకి చూసింది. "నేనే కాల్చుకున్నా."

"చూశారా! అట్లకాడతో ఆటలండి దీనికి. ఇక వెళ్ళొచ్చా? తోటలో కాయ కోస్తున్నారు."

"పంపించెయ్యమ్మా, బయట ఇంకా జనం ఉన్నారు," అన్నారు సార్ తన బల్ల దగ్గర్నుంచి.

మెడ వెనక ఎవరైనా ఎలా కాల్చుకుంటారు? 'సరే' అన్న మాట అప్పటికే ఆమె నోటిదాకా వచ్చేసింది. ఈ పిల్ల కూడా తనలాగే, అలవాటైన మాటే అప్పజెప్పింది.

"జోజప్పగారూ, మీరు బయట కూర్చోండి."

"నా ముందు చెప్పనిదేముందండీ?"

"సార్, మీరు కూడా కాసేపు."

ఇద్దరూ గొణుక్కుంటూ గడప దాటేదాకా నిలబడి, రమాసుందరి తలుపు మూసి గడియ పెట్టింది.