రెబ్కా టీచర్ తలనొప్పి పుస్తకం

రెబ్కా టీచర్‌కి తలనొప్పి ఎప్పుడూ కుడి కంటి పైనే మొదలయ్యేది. ముందు వెలుతురు గుచ్చుకునేది. తర్వాత వాసనలు, ఆపైన చప్పుళ్లు. గంట తిరిగేసరికి వాంతులు. ఇలాంటి తలనొప్పి ఉన్న మనిషి పెళ్లి చేసుకోకూడనివాళ్లు కొందరుంటారు. పర్చూరులో ఆ కొందరిలో మొదటివాడు జయపాల్. అతనికి మైక్ సెట్లు అద్దెకిచ్చే వ్యాపారం. నిలువెత్తు సౌండ్ బాక్సులన్నీ ఇంటి వసారాలోనే ఉంటాయి. పెళ్లికి పంపినా, సువార్త సభకు పంపినా, వాటి ముందు నిలబడి "హలో, చెక్, చెక్" అని పదిసార్లు అనకపోతే అతనికి ఆ రోజు అన్నం సయించదు.

ఇంట్లో ఇంకో ఇద్దరున్నారు. అత్తగారు సువార్తమ్మ ఎండుమిరపకాయలు వేయించిందంటే వీధి చివర అంకమ్మ తుమ్మాలి. తుమ్మకపోతే ఈ ఏడు కాయలో పస లేదని సువార్తమ్మ బాధపడుతుంది. కూతురు లిడియా ఇంటర్ చదువుతోంది. గుమ్మం దాటాలంటే ఒంటి నిండా బాడీ స్ప్రే కొట్టుకోవలసిందే, వెళ్లేది పక్కింటికైనా సరే.

ఆ ఏడాది మే నెలలో ఎండ నలభై నాలుగుకి ఎక్కి కూర్చుంది. బడికి సెలవులిచ్చారు కదా, కాస్త తెరిపిన పడతాననుకుంది రెబ్కా. పడకపోగా తలనొప్పి రెండింతలైంది. ఇక లాభం లేదని చీరాలలో డాక్టరమ్మకు చూపించుకుంది.

"మైగ్రేన్ అమ్మా ఇది. మందులు రాస్తాను. దాంతోపాటు ఒక నోటుబుక్కు పెట్టండి. నొప్పి వచ్చిన ప్రతిసారీ తేదీ, టైము, దానికి ముందు ఏం జరిగింది, ఏం తిన్నారు, ఎంతసేపు పడుకున్నారు, అన్నీ రాయండి. నెల తర్వాత పట్టుకురండి" అంది డాక్టరమ్మ.

రాయమంటే టీచర్‌కి కావలసిందేముంది? స్కేలు పెట్టి గళ్లు గీసింది, ఎర్ర పెన్నుతో శీర్షికలు పెట్టింది. పుస్తకాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, నొప్పి తగ్గగానే ఓపిక చేసుకుని నిజాయితీగా రాసేది. "ఉదయం పదిన్నర. ఆయన కొత్త బాక్సు పరీక్షించారు." "పదకొండు. అత్తయ్య మిరపకాయలు. లిడియా స్ప్రే." "పదింబావు. పొన్నూరు వదిన ఫోను, గంటా పది నిమిషాలు. పెట్టేసిన వెంటనే మొదలు."

పది రోజులు గడిచాయి. సువార్తమ్మకు కంటిచూపు ఆనదు గానీ అనుమానానికి కొదవలేదు. ఒకనాడు కోడలు స్నానానికి వెళ్లగానే మనవరాలిని ఫ్రిజ్ దగ్గరకు లాక్కెళ్లింది.

"నా మీదేమన్నా రాసిందేమో చూడవే."

"రెండుచోట్ల ఉన్నావు నాయనమ్మా. రెండూ మిరపకాయలే."

సువార్తమ్మ ముఖం మాడిపోయింది. "ఇరవై ఏళ్లుగా చేసి పెడుతుంటే నేను తలనొప్పినయ్యానా! మరి మీ నాన్నో?"

"డాడీ మూడు."

"మూడా?" సువార్తమ్మకు కొంచెం ఊపిరి తిరిగింది. "మరి నువ్వు?"

"ఒకటి. పొన్నూరు అత్త కూడా ఒకటి."

మధ్యాహ్నానికి సంగతి జయపాల్‌కి చేరింది. మూడు అనగానే అతను ఉలిక్కిపడ్డాడు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు గానీ ఇల్లు మారిపోయింది. బాక్సుల్ని ఆటోలో వేసుకుని ఊరవతల పత్తి మిల్లు దగ్గర పరీక్షించడం మొదలుపెట్టాడు జయపాల్. లిడియా స్ప్రే సీసా బీరువాలోకి పోయింది. సువార్తమ్మ పోపు మానేసి, వరసగా మూడు రోజులు ఉప్పూకారం లేని సొరకాయ కూర వండి అందరి కంచాల్లో వడ్డించింది. మూడో రోజు జయపాల్ ముద్ద మింగలేక భార్య దగ్గరికొచ్చాడు.

"ఇదిగో రెబ్కా, పదకొండో తారీఖు చప్పుడు నాది కాదు. నేనారోజు చీరాలలో ఉన్నాను. అది పక్క వీధి ఫంక్షన్‌లోది. నా పేరు కొట్టెయ్."

రెబ్కా తల తిప్పి చూసింది. "పుస్తకంలో ఏముందో మీకెలా తెలుసు?"

జయపాల్ సీలింగ్ ఫ్యాన్ వంక చూశాడు.

రెబ్కాకి ముందు ఒళ్లు మండింది. తన నొప్పి తను రాసుకోవడానికి కూడా లేదా ఈ ఇంట్లో? తిడదామని నోరు తెరిచింది. అప్పుడే చెవులకు ఒక వింత తోచింది. ఇంట్లో చప్పుడు లేదు. ఘాటు లేదు. మధ్యాహ్నం పూట వీధిలో ఐసుబండి గంట వినపడుతోంది. తెరిచిన నోరు మెల్లగా మూసేసింది.

మర్నాడు పుస్తకంలో ఇలా రాసింది: "సాయంత్రం నాలుగు. టీ నేనే పెట్టుకున్నాను. వెంటనే తలనొప్పి." ఆ రోజు ఆమెకు తలనొప్పి రాలేదు. మరుసటి సాయంత్రం మాత్రం నాలుగయ్యేసరికి అల్లం వేసిన టీ గ్లాసు మంచం దగ్గరికి నడిచొచ్చింది. రెండు రోజులాగి "గిన్నెలు తోమాను" అని రాసింది. లిడియా గిన్నెలు తోమింది. ఇంకోరోజు "మధ్యాహ్నం పడుకుంటే ఎవరో లేపారు" అని రాసింది. ఆ మరునాటి నుంచి రెండు గంటలైతే సువార్తమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లని వచ్చినట్టే చేత్తో సైగ చేసి పంపేసేది. దేవుడి బిడ్డవై ఉండి అబద్ధాలేంటని రెబ్కా మనసు పీకేది. టీ తాగాక పీకడం తగ్గేది.

ఇలా సాగుతుండగా సువార్తమ్మ నోరు జారింది. పొన్నూరులో ఉన్న కూతురు ఎస్తేరు ఫోన్ చేస్తే, "తొందరగా పెట్టెయ్యమ్మా, నీ పేరు కూడా పుస్తకంలోకి ఎక్కింది" అంది. "రేపొస్తున్నా" అని ఎస్తేరు ఠక్కున ఫోను పెట్టేసింది. మర్నాడు మొదటి బస్సుకే దిగింది.

వదిన వస్తోందని రెబ్కా పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉంది. పెసరట్లు, ఉప్మా, కోడికూరకు మసాలా. ఎస్తేరు బిర్రుగా వచ్చి, బిర్రుగా తిని, "ఇప్పుడు చెప్పు రెబ్కా" అని చీర కొంగు దోపుకునేసరికి పదకొండైంది. చెప్పడానికి రెబ్కా కళ్లముందు వదిన సగమే కనపడుతోంది. మిగతా సగంలో మెరుపులు. గోడ పట్టుకుని గదిలోకి పోయి మంచం మీద పడిపోయింది.

ఈసారి వచ్చింది మామూలు నొప్పి కాదు. కుడి కంట్లో ఎవరో మేకు దించుతున్నట్టుంది. వాంతికి లేచిన ప్రతిసారీ గది తిరిగింది. సరిగ్గా అప్పుడే వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలి కరెంటు పోయింది. కూలర్ ఆగిపోయింది. పది నిమిషాల్లో గది కుమ్ములా అయింది.

"మన జనరేటర్ ఉందిగా, వెయ్యరా!" అంది ఎస్తేరు.

"దాని చప్పుడుకి రెబ్కా చచ్చిపోతుందక్కా" అన్నాడు జయపాల్. ఒక్క క్షణం ఆలోచించి వసారాలోకి పరిగెత్తాడు. సభలకు వాడే వైరు చుట్టలన్నీ తెచ్చి ఒకదానికొకటి కలిపాడు. ఆ మండుటెండలో జనరేటర్‌ని తోసుకుంటూ నాలుగిళ్లు దాటించి, ఖాళీ స్థలంలో రేకుల చాటున పెట్టి స్టార్ట్ చేశాడు. అంత దూరం నుంచి వైరు గోడలెక్కి, దడులు దాటి కిటికీలోంచి లోపలికొచ్చింది. కూలర్ మళ్లీ తిరిగింది. జనరేటర్ చప్పుడు ఇక్కడికి తుమ్మెద రొదపాటి కూడా రాలేదు. చెమటతో నీళ్లు కారుతున్న మొగుణ్ణి రెబ్కా ఒంటికన్నుతో చూసింది. వ్యాపారం ఏదైనా ఈ మనిషినే చేసుకునేదాన్ననిపించింది.

కానీ ఎస్తేరు పోట్లాటకని వచ్చింది, పోట్లాడకుండా ఎలా పోతుంది? గది బయట తల్లీ కూతుళ్లు మొదలుపెట్టారు. రోగి ఉంది గనక గుసగుసగా.

"అమ్మా, నేను తలనొప్పినంటే నువ్వు ఊరుకున్నావా?"

"నన్నే రెండుసార్లు రాసిందే, నీకోసం ఏం మాట్లాడను?"

"మీరిద్దరూ నయం, నాకు మూడు" అన్నాడు జయపాల్ మధ్యలో దూరి.

"నువ్వు నోర్ముయ్‌రా!"

గుసగుసల్లోనే తిట్టుకున్నారు, గుసగుసల్లోనే ఏడ్చారు, గుసగుసల్లోనే ప్రార్థన చేసి ఆమెన్ అన్నారు. లోపల రెబ్కాకి ప్రతి ముక్కా వినపడింది. నవ్వితే తల బద్దలవుతుందని దిండు కరిచిపట్టుకుంది. కాసేపటికి ఎవరో చప్పుడు చెయ్యకుండా వచ్చి నుదుటి మీద తడిగుడ్డ మార్చి, పాదాలు ఒత్తసాగారు. కళ్లు తెరవకుండానే తెలిసింది, ఆ గాజులు వదినవి.

నెల తిరిగాక చీరాల ప్రయాణమైంది. "నా మీద ఏం చెప్తారో నేనూ వినాలి" అని సువార్తమ్మ కూడా బయల్దేరింది. డాక్టరమ్మ పుస్తకం చివరిదాకా చదివి కళ్లజోడు పైకి తోసుకుంది.

"బాగా రాశారు టీచర్‌గారూ. కానీ టీ పెట్టుకుంటే తలనొప్పి రావడం ఏంటి? గిన్నెలు తోమితే కూడానా?"

రెబ్కా మొగుణ్ణి చూసింది, అత్తను చూసింది. "అవీ, నిద్రలోంచి లేపారన్నదీ, మూడూ అబద్ధం డాక్టర్‌గారూ" అంది చిన్నగా.

జయపాల్ ఫక్కున నవ్వాడు. సువార్తమ్మకు మాత్రం రోషమొచ్చింది. "టీ పెట్టమంటే పెట్టనా నేను?"

"అడగడానికి మొహమాటం వేసింది అత్తయ్యా."

"మిగిలినవి ఏడు" అంది డాక్టరమ్మ. "అందులో ఆరు పదీ పదకొండు మధ్యలో వచ్చాయి. ఏం తిన్నారో రాయమన్నాను, ఒక్కదాంట్లోనూ లేదు."

"అప్పటికింకా ఏం తినలేదండి. అందరికీ పెట్టి తినేసరికి పదకొండవుతుంది."

"రోజూనా?"

"రోజూనే."

"ఎండ, ఘాటు, చప్పుడు, అన్నీ ఉన్నాయమ్మా, కాదనను. కడుపు ఖాళీగా ఉంటే మాత్రం వాటిలో ఏ ఒక్కటి చాలు. పూర్తిగా పోతుందని చెప్పను. ముందు ఎనిమిదింటికల్లా తినండి, నీళ్లు తాగండి. తగ్గుతుంది."

ఇరవై ఏళ్లుగా అదే వంటింట్లో అదే కోడలు చివర తినడం సువార్తమ్మ రోజూ చూస్తూనే ఉంది. చూడకపోతే ఎవరి తప్పో తెలియదు, చూసీ పట్టించుకోకపోతే ఎవరిదో ఆమెకు తెలిసింది. బయటికొచ్చాక కోడలి చెయ్యి పట్టుకుని, "ముందు ఎక్కడన్నా ఇడ్లీ తిందాం పద" అంది.

జూన్‌లో బడి తెరిచారు. తలనొప్పి పూర్తిగా పోలేదు, నెలకు రెండు మూడుసార్లు వచ్చి పలకరిస్తోంది. పొద్దున ఎనిమిదింటికి కోడలు కంచం ముందు కూర్చునేదాకా సువార్తమ్మ ఇంకెవరికీ వడ్డించడం లేదు. అక్కడితో ఆగినా బాగుండేది. బడి తెరిచిన మొదటి వారమే హెడ్మాస్టర్ ఇమ్మానియేలు గారికి ఫోన్ చేసింది.

"వందనాలయ్యగారూ. మా కోడలికి సీసాలో మజ్జిగ పోసి పంపాను, పదకొండింటికి తాగాలి. తాగిందో లేదో మీరు కాస్త చూడండి."

ఆ రోజు సరిగ్గా పదకొండింటికి, మూడో తరగతిలో రెబ్కా ఎక్కాలు చెప్పిస్తుండగా ఇమ్మానియేలు గారు గుమ్మంలో నిలబడ్డారు. పిల్లలందరూ లేచి నమస్కారం పెట్టారు. ఆయన గొంతు సవరించుకుని, పాఠం ఎంతదాకా వచ్చిందని అడగబోయి, "టీచర్‌గారూ, సీసా తియ్యండి" అన్నారు.