గరాజులో పట్టని రెక్కలు

ఆ ఏటి కొత్త కారుకు వెనక సోకు కోసం పెట్టిన చేపరెక్కల్లాంటి రేకులు మరీ పొడుగు. గరాజులో పట్టలేదని హార్లన్ గరాజుకూ వంటింటికీ మధ్య గోడ కొట్టించాడు. కారు ముక్కు భార్య లొరెయిన్ పొయ్యి పక్కకు వచ్చింది, గరాజు తలుపు మూసుకుంది.

కానీ మూస్తే రెక్కలు ఎవరికీ కనపడవు. అందుకని డెట్రాయిట్ మంచులోనూ తలుపు తెరిచే ఉంచాడు. లొరెయిన్ కోటు వేసుకుని వంట చేసింది.

"ఏమయ్యా, సూపు గడ్డకడుతోంది. తలుపు మూసెయ్!"

"కాస్త ఆగు. ఎదురింటి వెర్నన్ ఇంకా చూడలేదు."

"మనం బిగుసుకుపోయాక చూస్తాడులే!"

భోజనం ముందు ప్రార్థనకు తలలు వంచారు. ఎదురుగా క్రోమ్ బంపర్ తళతళలాడుతోంది. మొక్కు ఎవరికి చేరుతోందోనని లొరెయిన్‌కు అనుమానం వచ్చింది.

"ప్రభువా, వచ్చే ఏడాది కార్లకు రెక్కలు కత్తిరించు" అంది పైకే.

హార్లన్ ఆమెన్ అనలేదు. వెర్నన్ కారు చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు.